మోడం పైన కన్ను, మోడం కింద మనిషి

మామ: ఆకాశంలో మన ఉపగ్రహాలు ఇప్పటికే ఉండాయి కదా అల్లుడూ. ఇంకా గబగబా ఫోటోలు తీసేవి కావాలని ఏంటికంటావు? అరగంటకోసారి చూసినా, నిమిషానికోసారి చూసినా మోడం మోడమే. వచ్చే రాళ్లవాన రాక మానుతుందా?

అల్లుడు: రాక మానదు మామా. కానీ పొయ్యి మీద పాలు పెట్టి, అరగంటకోసారి వంటింట్లోకి తొంగిచూస్తే ఏం కనబడుతుంది? మొదటిసారి గిన్నెలో పాలు. రెండోసారి పొయ్యంతా పాలు. పొంగడం మాత్రం కనబడదు. మన ఎండాకాలం మోడం కూడా అంతే. మధ్యాహ్నం రెండింటికి దూదిపింజంత ఉంటుంది. మూడింటికి పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు లేచి ఉంటుంది. రాళ్లు కురిపించి, మూడున్నరకు ఏమీ ఎరగనట్టు వెళ్లిపోతుంది. దాని బతుకే గంట, గంటన్నర. అరగంటకో ఫోటో అంటే ఆ బతుకు మొత్తానికి మూడే ఫోటోలు.

మామ: మనవి ఇప్పుడు అరగంటకోసారే తీస్తాయా?

అల్లుడు: ఒక్కొక్కటి అరగంటకే. 2016 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి పోయిన ఇన్‌శాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న పోయిన ఇన్‌శాట్-3డీఎస్ వంతులేసుకుని తీస్తే పావుగంటకొకటి చేతికొస్తుంది. తుఫాను పుట్టినప్పుడు దాని చుట్టుపక్కల ముక్కను మాత్రమే పట్టుకుని కొద్ది నిమిషాలకోసారి తీసే పద్ధతీ ఉంది. ర్యాపిడ్ స్కాన్ అంటారు. కానీ మన రాయలసీమ మీద సాయంత్రం లేచే ఒంటరి మోడానికి ఆ మర్యాద రోజూ దక్కదు. జపాన్ వాళ్ల హిమావరి తనకు కనబడే భూమిని మొత్తం పది నిమిషాలకోసారి తీస్తుంది, ఎంచుకున్న చోటును రెండున్నర నిమిషాలకే తీస్తుంది. అమెరికా వాళ్ల గోస్ ఉపగ్రహం గాలివాన లేచే చోటును నిమిషానికొకసారి చూడగలదు.

మామ: చూసి ఏం తెలుసుకుంటారు? తెల్లగా ఉంటే మోడం, నల్లగా ఉంటే ఎండ. అంతే కదా?

అల్లుడు: తెలుపు, నలుపు కాదు, వేడిమి చూస్తారు. మోడం ఎంత పైకి లేస్తే దాని తల అంత చల్లబడుతుంది. పావుగంటలో ఆ తల ఎనిమిది డిగ్రీలు చల్లబడిందంటే లోపల గాలి జోరుగా పైకి తోసుకొస్తున్నట్టు లెక్క. భూమ్మీద ఇంకా ఒక్క చినుకు పడి ఉండదు, ఉరుము కూడా వినబడి ఉండదు. రాడార్ చూసేది చినుకునూ, రాయినీ. అవి పుట్టకముందే మోడం ఎదుగుదలను పట్టేది పైనుంచి చూసే కన్నే. అయితే ఎదుగుదల అనేది ఒక ఫోటోలో ఉండదు, రెండు ఫోటోల మధ్య తేడాలో ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఎడం ఎక్కువైతే పొంగు చేజారినట్టే.

మామ: సరే, నీ పాలగిన్నె నేనూ పట్టుకుంటా. పాలు పొంగుతాయని ఢిల్లీలో ఒకడు చూస్తాడు. గరిటె మాత్రం మన వేంపల్లెలో ఉండాది. చూసేవానికీ గరిటెకూ మధ్య ఎంత దూరముందో కొలిచినావా ఎప్పుడన్నా? మిద్దె మీద నిలబడి కిందికి చూస్తే గొడుగులు కనబడతాయి. ఏ గొడుగు కింద మనిషి తడుస్తాండాడో కనబడదు.

అల్లుడు: గొడుగు మాట నిజమే. ఉపగ్రహం చూసేది మోడం పైభాగాన్ని. మందంగా తెర కట్టిన మోడమైతే దాని కడుపులో యాడ కుండపోత, యాడ చిరుజల్లు అన్నది సరిగ్గా తెలియదు. ఇంకోటి నేనే చెబుతాను, దాచను. వేడిమి చూసే ఫోటోలో మన ఇన్‌శాట్‌కు ఒక్కో చుక్క నాలుగు కిలోమీటర్ల పొడవు, నాలుగు కిలోమీటర్ల వెడల్పు.

మామ: అంటే?

అల్లుడు: సుమారు నాలుగు వేల ఎకరాలకు ఒకే చుక్క.

మామ: నాది మూడెకరాల అరటి. నీ చుక్కలో నేను యాడుంటా?

అల్లుడు: ఉండవు మామా. పగటి ఫోటో అయితే కిలోమీటరు దాకా పడుతుంది. అది చీకటి పడితే పనికిరాదు.

మామ: మన పక్క గాలివాన చీకటి పడ్డాక రావడం నువ్వు చూడనిది కాదు. 2025 మార్చిలో లింగాల మండలంలో ఏమైంది? గాలీ, వడగండ్లూ కలిసి కోతకొచ్చిన అరటి తోటలను పడుకోబెట్టేసినాయి. గెల బరువుకు చెట్టు అప్పటికే వంగి ఉంటాది. సర్వి కట్టె ఊతం పెట్టినా, గెలకూ పక్క చెట్టుకూ తాడు కట్టినా, ఆ గాలికి ఊతంతో సహా పడిపోతాది. ఏడాది పంట అల్లుడూ. రెండు నిమిషాలకోసారి ఫోటో తీసి, నలభై నిమిషాల ముందు నాకు ఫోన్ చేసినారనుకో. మూడెకరాల తోటను మడిచి ఇంట్లో పెట్టుకుంటానా?

అల్లుడు: పెట్టుకోలేవు. పంట విషయంలో నీతో వాదించను. నలభై నిమిషాలు అరటిని కాపాడవు. కళ్లంలో ఆరబోసిన శెనిక్కాయల మీద పట్ట కప్పడానికి సరిపోతాయి, కోసి దిబ్బ పోసిన చీనీ కాయలను బండికెత్తడానికి సరిపోతాయి. తోటకు మాత్రం సరిపోవు. తోటకు కావలసింది గాలికి అడ్డంగా అవిసె వరుస, గట్టి ఊతం, పంట పోయిన రోజే చేతికందే బీమా. కానీ ఆ తోటలో మనుషులు కూడా ఉంటారు.

మామ: ఉంటారు.

అల్లుడు: 2018 ఏప్రిల్‌లో ఒక్కరోజు పదమూడు గంటల్లో మన రాష్ట్రంలో 36,749 పిడుగులు పడినాయని విపత్తుల నిర్వహణ సంస్థ లెక్క కట్టింది. అరటికి నలభై నిమిషాలు దండగ. గొర్రెలు మేపేవానికి? కలుపు తీసే ఆడవాళ్లకు? వాళ్లు కట్టుకోవలసిన ఊతమేమీ లేదు. లేచి నడిచి పోయి పైకప్పు కిందికి చేరాల, అంతే. దానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు యాడినుంచి వస్తాయన్నదే నా వాదన. పావుగంటకో ఫోటో వచ్చే చోట, ఆ ఫోటో తయారై, మనిషి చూసి, కబురు పంపే లోపల ఇంకో పావుగంట పోతుంది. మొదటి పావుగంటను తగ్గిస్తే మిగిలేది ప్రాణం.

మామ: రెండో పావుగంటను తగ్గిస్తే మిగలదా?

అల్లుడు: మిగులుతుంది.

మామ: మరి అది చవక కదా! ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల పైన ఉండాలంట. కబురు పోవలసింది మన ఊరి నుంచి మన చేనుకు. ఆ పైదానికి కోట్లు, ఈ కిందిదానికి ఎవరికీ తీరిక లేదు. ఇంకో మాట చెప్పు. రాడార్ అన్నావే, అది మనకు దగ్గర్లో ఉండాదా?

అల్లుడు: శ్రీహరికోటలో ఉంది, చెన్నైలో ఉంది. శ్రీహరికోట నుంచి వేంపల్లెకు గీత గీస్తే సుమారు 200 కిలోమీటర్లు. రాడార్ కిరణం తిన్నగా పోతుంది, భూమేమో వంగిపోతుంది. ఇక్కడికి వచ్చేసరికి ఆ కిరణం మన తలల మీద నాలుగు కిలోమీటర్ల ఎత్తున పోతుంది. కింద చెట్లు విరిచే గాలి దానికి చిక్కదు.

మామ: చూస్తివా! పైనుంచి చూసేదానికి గొడుగే కనబడ్తాది. పక్కనుంచి చూసేదానికి తలల మీద నాలుగు కిలోమీటర్ల పైన ఉండేదే కనబడ్తాది. మనిషి ఉండే ఎత్తులో చూసేది ఒక్కటీ లేదు. మరి మొదట పెట్టాల్సింది కడపలో ఒక రాడారా, ఆకాశంలో ఇంకో కన్నా?

అల్లుడు: ఇక్కడ నువ్వు గెలిచినావు, సగం. రాడార్ కావాల. 2024 సెప్టెంబరులో కేంద్రం 2,000 కోట్లతో మిషన్ మౌసమ్ ఒప్పుకున్నప్పుడు అందులో రాడార్లూ ఉన్నాయి, ఉపగ్రహాల పనీ ఉంది. రెంటినీ ఒకే సంచిలో పెట్టినారు. మిగతా సగం ఏందంటే, రాడార్ ఒక ఊరి చుట్టూ చూస్తుంది. నల్లమలలో, పాలకొండల మీద, కర్ణాటక సరిహద్దులో పుట్టిన మోడం దాని చూపులోకి నడిచి వచ్చేదాకా ఆగాల. కొండ అడ్డమొస్తే దాని వెనక గుడ్డిదే. సముద్రం మీద రాడార్ యాడ నాటుతావు? ఉపగ్రహానికి కొండ లేదు, సముద్రం లేదు.

మామ: సముద్రం మాటయితే నేను ఒప్పుకుంటా. తుఫాను వేరే సంగతి.

అల్లుడు: ఆ సంగతే తీస్తా. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చింది. సుమారు 10,000 మంది పోయినారు. అప్పటికి మనకంటూ ఆకాశంలో ఒకే చోట నిలిచి చూసే ఉపగ్రహం లేదు. 1983లో ఇన్‌శాట్-1బీ పోయినాక గానీ మన సముద్రం మీద మన కన్ను నిలవలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదికే వచ్చింది. ఊరు అతలాకుతలమైంది, రాడార్ కూడా దెబ్బతినింది. అయినా చావులు పదుల్లో ఆగినాయి. రోజుల ముందే తెలిసింది, లక్షల మందిని తరలించినారు. చూపు ఎన్ని ప్రాణాలు నిలబెట్టగలదో దివిసీమనూ హుద్‌హుద్‌నూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

మామ: ఆ తారీఖు ఏమన్నావు? నవంబరు 19?

అల్లుడు: అవును, 1977.

మామ: మన జిల్లాలో చెయ్యేరు మీది కట్ట ఎప్పుడు తెగింది?

అల్లుడు: 2021లో.

మామ: తారీఖు చెప్పు.

అల్లుడు: నవంబరు 19.

మామ: అదే తారీఖు. ఈసారి ఆకాశంలో కన్ను ఉండాది, ఫోటోలు ఉండాయి, సముద్రంలో వాయుగుండం చెన్నై దిక్కు వస్తాందని అందరికీ తెలుసు. భారీ వానలని ముందే చెప్పినారు. పైన పింఛా కట్ట తెగింది. తెల్లారేసరికి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపుత్తూరు, మందపల్లె, తొగురుపేట మునిగినాయి. ఐదు గేట్లలో ఒకటి లేవలేదని పార్లమెంటులోనే చెప్పుకున్నారు. ఆ గేటును లేపేది ఏ ఉపగ్రహం? నిమిషానికొక ఫోటో కాదు, సెకనుకొక ఫోటో తీసినా తుప్పు పట్టిన గేటు లేస్తాదా?

అల్లుడు: లేవదు. నా పక్షానికి ఇంతకంటే బరువైన ప్రశ్న లేదు మామా, దాటేసి పోను. కానీ రెండు మాటలు వినాల. అన్నమయ్య కట్టింది 2.17 లక్షల క్యూసెక్కులు వదలడానికి. ఆ రోజు పైనుంచి వచ్చింది 3 లక్షలకు పైన. ఐదు గేట్లూ లేచినా అది తట్టుకునే నీళ్లు కావు. రెండోది, భారీ వాన అన్న కబురు జిల్లాకంతా ఒకటే వచ్చింది. ఏ వంక ఎగువన ఏ గంటలో ఎంత కురుస్తోంది, ఆ నీళ్లు ఏ కట్ట దగ్గరికి ఎప్పుడు చేరతాయి అన్న కబురు వేరే. దానికి మోడాన్ని వెంటవెంట చూడాల, నేల మీద వానను కొలిచే యంత్రాలతో సరిచూసుకోవాల. తెల్లవారుజామున ఏటి ఒడ్డున నిద్రపోయే ఊరికి మొదటి కబురు కంటే ఆ రెండో కబురే ముఖ్యం.

మామ: ఆ రెండో కబురు వచ్చినా తలుపు కొట్టి లేపేది మనిషే కదా? మన పాపాఘ్నినే చూడు. అదే వానలకు పైన వెలిగల్లు నుంచి నీళ్లొచ్చినాయి, గండి కొండలు దాటినాయి, కమలాపురం దగ్గర వంతెన కూలింది. ఏరు నిండుగా వస్తాందని మనకు చెప్పింది ఎవరు? పైఊర్ల చుట్టాలు ఫోన్లు చేసి చెప్పినారు. ఇంత కరువు సీమలో ఏట్లో నీళ్లు చూడడానికి పిల్లోళ్లను ఎత్తుకుని పోయే జనం మనం. ఏరు చంపుతాదని నమ్మేదానికే మనకు సగం రోజు పడ్తాది. ఎండిపోయిన ఏటికి భయపడడం ఏ ఫోటో నేర్పిస్తాది?

అల్లుడు: నేర్పదు. కానీ నమ్మకం ఊరికే రాదు కదా, కబురు నిజమైతే వస్తుంది.

మామ: అది కూడా చెప్తా విను. ఫోన్‌కు కబుర్లు వస్తాండాయి. పసుపు రంగు, నారింజ రంగు. కడప జిల్లాలో అక్కడక్కడ ఉరుములు, మెరుపులతో కూడిన వర్షం. ఆ అక్కడక్కడ అన్న మాట యాడ? మైదుకూరులో వాన పడితే వేంపల్లెలో రోళ్లు పగిలే ఎండ. నాలుగు రోజులు కూలోళ్లను పని ఆపి ఇంటికి పంపినామనుకో, నాలుగు రోజులూ చినుకు పడదు. కూలి ఎవరిస్తారు? ఐదో రోజు నేను ఆపను, వాళ్లూ ఆగరు. నాయనా పులి వచ్చె కథే. ఫోటోలు ఎక్కువైతే కబుర్లూ ఎక్కువైతాయి. కబుర్లు ఎక్కువైతే వినేవాడు తక్కువైతాడు.

అల్లుడు: అక్కడే నా లెక్క తిరగబడుతుంది మామా. ఉత్తుత్తి కబుర్లు ఎందుకొస్తాయి? మోడం ఎదుగుతోందో, వాడిపోతోందో తేల్చుకోలేక, ఎందుకైనా మంచిదని జిల్లా అంతటికీ రంగు పూస్తారు. వెంటవెంట చూస్తే వాడిపోయే మోడం కూడా కనబడుతుంది. వేంపల్లె వాళ్లు పని చేసుకోవచ్చు, చక్రాయపేట వాళ్లు లేవండి అని చెప్పగలిగే రోజు దాంతోనే వస్తుంది. ఫోటోలు పెరిగితే కబుర్లు తగ్గాల. తగ్గకపోతే తప్పు ఫోటోది కాదు, పంపేవాళ్లది.

మామ: పంపేవాళ్లది అన్నావు కాబట్టి అడుగుతాండా. రెండేండ్ల కింద చింతచెట్టు కింద నా ఎనుము పిడుగు పడి చచ్చిపోయిన రోజు, నువ్వు ఈ మోడాల ఫోటోలు చూస్తాండేవానివే కదా? ఆ రోజు చూడలేదా?

అల్లుడు: చూసినాను.

మామ: చూసి?

అల్లుడు: అరగంట తేడాతో రెండు ఫోటోలు ఉన్నాయి. మొదటిదాంట్లో గండి కొండల పైన చిన్న తెల్ల చుక్క. రెండోదాంట్లో అది పెద్దదైంది. మన దిక్కు వస్తాదో, పక్కకు పోతాదో తేలలేదు. అంతకు ముందు వారంలో రెండుసార్లు ఫోన్ చేసి చెప్పినాను నీకు. రెండుసార్లూ రాలేదు. నువ్వు నవ్వినావు. మూడోసారి ఇంకో ఫోటో వచ్చినాక చేద్దామని ఆగినాను. ఆ ఫోటో వచ్చేసరికి నీ ఫోనే వచ్చింది.

మామ: ఇన్నాళ్లూ చెప్పలేదే?

అల్లుడు: చెప్పడానికి నోరు రాలేదు. నేను గబగబా ఫోటోలు కావాలంటాండేది అందుకే మామా. ఐదు నిమిషాలకొకటి ఉండుంటే నాకు అనుమానం ఉండేది కాదు.

మామ: నేను కాదంటాండేదీ అందుకే అల్లుడూ. అనుమానం ఉన్నా ఫోన్ చేసింటే ఎనుమును విప్పి కొట్టంలో కట్టేసేవాణ్ణి. నవ్వితే నవ్వేవాణ్ణి. చెట్టు కింద ఆ పొద్దు ఎనుము ఉండాది. రోజూ మధ్యాహ్నం సంగటి తినేది కూలోళ్లు ఆ చెట్టు కిందనే.

అల్లుడు: తెలుసు.

మామ: తప్పు నీ ఒక్కనిదే అననులే. నేను నవ్వకుండా ఉంటే నువ్వు ఆగేవానివి కాదు. నా నవ్వు వల్ల పోయిన ఎనుమది, నీ అరగంట వల్ల కూడా.

అల్లుడు: అయితే ఇప్పుడేమంటావు? ఆకాశంలో కన్ను వద్దంటావా?

మామ: వద్దనను. ముందు చేయి కావాలంటా. 2023లో సర్కారోళ్లు ఫోన్లన్నీ ఒకేసారి మోగించి పరీక్ష పెట్టినారే, ఉలిక్కిపడి లేచినాము కదా, అట్లాంటిది పిడుగొచ్చే చేనులో మోగాల. కూలోళ్ల చేతిలో ఉండేది బటన్ల ఫోను. అదీ మూటలో చుట్టి గట్టు మీద పెట్టి చేనులోకి దిగుతారు. ఆ గట్టు దాకా వినబడే మైకు, వాన కొలిచే యంత్రం, లేచే గేటు, ఆ పొద్దు పోయిన కూలికి ఒక లెక్క. ఇవి ఉంటే నీ పావుగంట ఫోటో కూడా నాకు బంగారమే. ఇవి లేకుంటే నిమిషం ఫోటో కూడా గోడ మీది క్యాలెండరే.

అల్లుడు: నేను ఇంకో కొసన పట్టుకుంటా. ఆ మైకులో ఏం చెప్పాలో తెలియకపోతే అది రోజూ కూస్తుంది. రోజూ కూసే మైకును వారంలో మీరే పీకేస్తారు. నిజం ఎప్పుడో చెప్పగలిగే చూపు ఉంటేనే మైకుకు విలువ. చేయి ముందా, కన్ను ముందా అని మనం వాదించుకుంటున్నాము గానీ, పాలు పొంగేటప్పుడు రెండూ ఒకే మనిషికి ఉంటాయి.

మామ: ఆ మనిషి ఎవరో చెప్పు, నేను ఒప్పుకుంటా.

అల్లుడు: అదే ఇంకా తేలలేదు.

మామ: తేలేదాకా మా కూలోళ్లకు నేను ఒకటే చెప్తాండా. ఉరుము వినబడితే చెట్టు కింద నిలబడొద్దు, లేచి కొట్టంలోకి రండి అని. దానికి ఏ ఉపగ్రహమూ అక్కరలేదు.

అల్లుడు: చెప్పు మామా, అది మానొద్దు. కానీ ఉరుము చెవిన పడిందంటే పిడుగు అప్పటికే అందే దూరంలో ఉన్నట్టు. చెట్టు కింద నుంచి కొట్టం దాకా నడిచే ఆ కాసేపు కావాలంటే, ఉరమక ముందే ఎవరో ఒకరు చూసి ఉండాల. చూసినవాడు నవ్వుతారని ఆగకుండా ఫోన్ చేసి ఉండాల.